పెళ్లికి ముందు దొరికే జీతం: ప్రెయిరీ పట్టణంలో ఒక ఆడపిల్ల లెక్క

అమెరికా మధ్యభాగంలో విస్తరించిన గడ్డి మైదానాలను ప్రెయిరీ అంటారు. 19వ శతాబ్దం రెండో సగంలో తెల్లవాళ్లు అక్కడికి వెళ్లి స్థిరపడిన కథ మనలో చాలామందికి సినిమాల ద్వారానే తెలుసు. అందులో గూడుబండి తోలే మగవాడు ఉంటాడు, పొయ్యి దగ్గర ఇల్లాలు ఉంటుంది. పదిహేను, పదహారేళ్ల ఆడపిల్ల ఉంటే ఆమెకు మిగిలేది ప్రేమకథే. ఆ కాలపు కాగితాలు తిరగేస్తే ఆ వయసు పిల్ల వేరే చోట్ల కనబడుతుంది. బట్టల దుకాణం వెనక గదిలో చొక్కాలు కుడుతూ ఉంటుంది, హోటల్లో గిన్నెలు తోముతూ ఉంటుంది, తనకన్నా పొడుగు పిల్లలకు లెక్కలు చెబుతూ ఉంటుంది. నెలాఖరుకు జీతం తీసుకుంటుంది, తెచ్చి నాన్న చేతిలో పెడుతుంది.

ఈ సంగతి పరిశీలించడానికి డి స్మెట్ అనే చిన్న ఊరు బాగా పనికొస్తుంది. ఇప్పటి దక్షిణ డకోటా రాష్ట్రంలో తూర్పు వైపు ఉంటుంది. అక్కడ మొదట స్థిరపడిన కుటుంబాల్లో చార్లెస్, కరొలిన్ ఇంగల్స్ దంపతులది ఒకటి. వాళ్లకు నలుగురు ఆడపిల్లలు: మేరీ, లారా, కేరీ, గ్రేస్. రెండో అమ్మాయి లారా 1867లో పుట్టింది. అరవై దాటాక తన చిన్ననాటి విషయాలను పెన్సిల్‌తో కాగితాల మీద రాసుకుంది, వాటి ఆధారంగానే తర్వాత పిల్లల నవలలు రాసి పేరు తెచ్చుకుంది. ఆ నవలలను ఇక్కడ కాసేపు పక్కన పెట్టాలి. పిల్లల కోసం రాసినవి కాబట్టి వాటిలో కొంత వదిలేశారు, కొంత సర్దారు. కుటుంబం అయోవాలోని ఓ హోటల్లో పనిచేసి బతికిన కాలం వాటిలో అసలు కనిపించదు. సొంత చేతులతో సొంత భూమిలో బతికిన కుటుంబం అనే బొమ్మలో ఆ హోటల్ ఇమడదు మరి.

ఊరు ఎలా పుట్టిందో ముందు చూడాలి. మన ఊళ్లు చెరువు దగ్గరో, ఏటి ఒడ్డునో, గుడి చుట్టూనో పెరిగాయి. ప్రెయిరీ పట్టణాలను రైల్వే కంపెనీ కాగితం మీద గీసింది. చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే 1879లో డకోటా టెరిటరీలోకి పట్టాలు వేసుకుంటూ వచ్చింది. (టెరిటరీ అంటే అప్పటికింకా రాష్ట్రం కాని ప్రాంతం. అది 1889లో ఉత్తర, దక్షిణ డకోటాలుగా రెండు రాష్ట్రాలయింది.) ధాన్యం బండ్లు ఉదయం బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరేంత దూరంలో ఒక్కో స్టేషన్ పెట్టారు. ప్రతి స్టేషన్ దగ్గర వీధులు గీసి, ప్లాట్లు కోసి అమ్మారు. 1880 వసంతంలో డి స్మెట్ అలాగే మొదలైంది. బెల్జియం నుంచి వచ్చిన ఒక జెసూట్ మతగురువు పేరు దానికి పెట్టారు. కేల్యుమెట్ అవెన్యూ అనే ప్రధాన వీధిలో కొన్ని వారాల్లోనే చెక్క దుకాణాలు లేచాయి.

చార్లెస్ ఇంగల్స్ అక్కడికి వచ్చింది రైతుగా కాదు, రైల్వే పనిలో కూలీల హాజరు, జీతాల లెక్కలు చూసే గుమాస్తాగా. అంతకుముందు ఉన్న మిన్నెసోటాలో మిడతల దండు వరసగా పంటలు తినేసింది, కుటుంబం అప్పుల్లో పడింది. పెద్దమ్మాయి మేరీకి 1879లో తీవ్రమైన జబ్బు చేసి రెండు కళ్లూ పోయాయి. మూడేళ్ల ముందే ఒక్కగానొక్క మగబిడ్డ తొమ్మిది నెలల వయసులో చనిపోయాడు. పన్నెండేళ్ల లారా జీవితం ఏ దారిన పోతుందో ఈ రెండు దెబ్బలూ తేల్చేశాయి. కొడుకు లేని ఇంట్లో పొలం పనికి సాయం వెళ్లాల్సింది ఆమే. కళ్లులేని అక్క చదువుకు డబ్బు తేవాల్సిందీ ఆమే.

1880-81 చలికాలాన్ని అక్కడివాళ్లు ఇప్పటికీ ‘కఠిన చలికాలం’ అనే గుర్తుపెట్టుకున్నారు. అక్టోబర్ మధ్యలోనే మొదటి మంచు తుఫాను వచ్చింది. జనవరిలో ఆగిపోయిన రైళ్లు మళ్లీ మే నెలకు గానీ రాలేదు. బొగ్గు అయిపోయింది. చెట్లే లేని దేశంలో కట్టెలెక్కడివి? ఎండుగడ్డిని తాడు పేనినట్టు గట్టిగా మెలిపెట్టి పొయ్యిలో పెట్టారు. ఒక్కో గడ్డి కట్ట నిమిషాల్లో కాలిపోతుంది కాబట్టి ఎవరో ఒకరు రోజంతా మెలిపెడుతూనే ఉండాలి. ఇంగల్స్ వారింట్లో ఆ పని తండ్రి, లారా కలిసి చేశారు. పిండి నిండుకున్నాక గోధుమలను కాఫీ గింజలు విసిరే చిన్న మరలో వేసి తిప్పి, ఆ పిండితో రొట్టె చేసుకున్నారు. ఊళ్లో గోధుమలు కూడా అయిపోవచ్చే వేళకు ఇద్దరు కుర్రాళ్లు ప్రాణాలకు తెగించి మంచులో వెళ్లి ఒక రైతు దగ్గర గోధుమలు కొని తెచ్చారు. వాళ్లలో ఒకడు ఆల్మాంజో వైల్డర్. తర్వాత లారాను పెళ్లాడింది ఇతనే.

ఈ చలికాలాన్ని సాహసగాథగా చెప్పడం అలవాటైపోయింది. దాని వెనకున్న ఆర్థికం అంతకన్నా ఆసక్తికరం. రైలు ఆగితే బొగ్గు, పిండి, కిరోసిన్, మాంసం, ఉత్తరాలు అన్నీ ఆగిపోయాయి. ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతున్నామని చెప్పుకున్న ఊరు నిజానికి ఒక్క రైలు మార్గానికి వేలాడుతూ ఉంది. అక్కడ ప్రతి వస్తువుకూ డబ్బు కావాలి. కొత్తగా దున్నిన ప్రెయిరీ నేల మొదటి రెండు మూడేళ్లు చెప్పుకోదగ్గ పంట ఇవ్వదు. అందుకే పొలం ఉన్న కుటుంబంలో కూడా ఎవరో ఒకరు బయట జీతానికి వెళ్లక తప్పలేదు. చార్లెస్ వడ్రంగం పని చేసేవాడు. అది చాలలేదు.

లారా సంపాదన అంతకు ముందే మొదలైంది. మిన్నెసోటాలోని వాల్నట్ గ్రోవ్‌లో పది, పదకొండేళ్లప్పుడు హోటల్లో గిన్నెలు కడగడం, బల్లల దగ్గర వడ్డించడం, యజమాని ఇంటి పసిబిడ్డను ఆడించడం ఆమె పనులు. వారానికి 50 సెంట్లు, అంటే అర డాలరు ఇచ్చేవాళ్లు. డి స్మెట్‌లో మొదట దొరికింది కుట్టు పని. ఊరు కట్టడానికి, పొలాలు పట్టడానికి ఒంటరి మగవాళ్లు గుంపులుగా వస్తున్నారు. వాళ్లకు చొక్కాలు కుట్టిపెట్టే ఆడదిక్కు లేదు. ఆ గిరాకీ చూసి ఓ దుకాణదారు రెడీమేడ్ చొక్కాల పని మొదలుపెట్టాడు. మిషన్ మీద పొడుగు కుట్లు ఇంటివాళ్లు వేస్తారు. గుండీ కాజాలు, చేతి కుట్లు లారా వంతు. రోజుకు 25 సెంట్లు, మధ్యాహ్నం భోజనం. వారానికి ఆరు రోజులు కుడితే డాలరున్నర. కుట్టు పని అంటే ఆమెకు గిట్టేది కాదు. ఆ మాట రాతల్లో దాచుకోలేదు కూడా.

ఇంకో పని వింతగా ఉంటుంది. ఓ ఇంట్లో భర్తకు ఊళ్లో ఉద్యోగం. భార్యాబిడ్డలు మాత్రం పట్టణానికి దూరంగా ప్రభుత్వం ఇచ్చిన భూమిలో నివసించాలి, ఎందుకంటే కాపురం ఉంటేనే ఆ భూమి దక్కుతుంది. ఆ గృహిణికి ఒంటరిగా ఉండాలంటే భయం. అందుకని లారాను తోడుగా పెట్టుకున్నారు, వారానికి ఒక డాలరు ఇచ్చి. ఇలా చట్టం పెట్టిన నివాస షరతు ఒక ఆడపిల్లకు ఉద్యోగమైంది. అలాంటి భూమిని అక్కడ ‘క్లెయిమ్’ అనేవాళ్లు. భర్త పట్టణంలో సంపాదిస్తుంటే, ఆడవాళ్లూ పిల్లలూ చిన్న చెక్క గుడిసెలో కూర్చుని భూమికి కాపలా కాయడం ఆ రోజుల్లో మామూలే.

అన్నిటికన్నా ఎక్కువ జీతం దొరికేది బడిలో. కౌంటీ (మన జిల్లా లాంటిది) స్కూళ్ల సూపరింటెండెంట్ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేవాడు. అందులో మూడు తరగతులు ఉండేవి, లారాకు వచ్చింది అన్నిటికన్నా కింది మెట్టు. దాని మీద తేదీ 1883 డిసెంబర్ 10. అప్పటికి ఆమెకు పదహారు నిండాయి, పదిహేడు రాలేదు. సొంత చదువు పూర్తి కాకుండానే పాఠాలు చెప్పడానికి వెళ్లింది. తర్వాత కూడా హైస్కూల్ పూర్తిచేసిన పట్టా ఆమెకు ఎప్పుడూ రాలేదు, చివరి నెలల్లో మళ్లీ బడి ఉద్యోగం వచ్చి చదువు మధ్యలోనే వదిలేసింది. మొదటి బడి పట్టణానికి దాదాపు 12 మైళ్ల దూరంలో ఉంది. ఖాళీగా పడున్న ఓ చెక్క గుడిసె అది. పిల్లలు ఐదుగురు, వాళ్లలో కొందరు టీచరమ్మ కంటే పెద్దవాళ్లు. నెలకు 20 డాలర్ల చొప్పున రెండు నెలలకు 40 డాలర్లు. చొక్కాలు కుట్టి ఇంత డబ్బు సంపాదించాలంటే ఆరు నెలలకు పైగా పట్టేది. ఆ తర్వాత మరో రెండు బడుల్లో ఒక్కో విడత పనిచేసింది, జీతం కూడా కాస్త పెరిగింది.

ఇంతకూ ఈ ఉద్యోగాలు పదహారేళ్ల పిల్లలకు ఎలా దొరికేవి? సమాధానం ఊరి బడ్జెట్‌లో ఉంది. కొత్త స్కూల్ జిల్లాల్లో పన్నులు కట్టేవాళ్లు తక్కువ, బళ్లు మాత్రం వెంటనే కావాలి. మగ టీచరుకు ఎక్కువ ఇవ్వాలి. పైగా పొలం పిలిస్తే అతను వెళ్లిపోతాడు. పెళ్లికాని అమ్మాయి తక్కువకు వస్తుంది, విద్యార్థి ఇంట్లోనే ఓ మూల మంచం వేస్తే సర్దుకుంటుంది. రెండు మూడు నెలల విడతకే ఒప్పందం కాబట్టి వదిలించుకోవడమూ తేలిక. అమెరికా పల్లెల్లో చదువు వ్యాపించిందంటే అందులో సగం ఇలాంటి చౌక జీతాల పుణ్యమే.

ఆ మంచం సంగతి కూడా చెప్పుకోవాలి. మొదటి బడి రోజుల్లో లారా బస చేసిన ఇంట్లో గృహిణికి ఆ మైదానంలో ఉండటమంటే అసహ్యం. చలికాలమంతా ఒకే గదిలో, నెలల తరబడి బయటి మనిషి ముఖం చూడకుండా గడిపి మనసు చెడిన మనిషి. ఓ రాత్రి ఆమె కత్తి పట్టుకుని, ఇంటికి తీసుకెళ్లమని భర్తతో గొడవపడింది. తెర అవతల పడుకున్న లారాకు ఆ మాటలన్నీ వినబడ్డాయి. మర్నాడు పొద్దున్నే లేచి బడికి వెళ్లింది. ఒంటరితనం వల్ల వచ్చే ఈ మానసిక కుంగుబాటు గురించి ఆ కాలపు పత్రికలు కూడా రాశాయి. రైతులకు 160 ఎకరాల చొప్పున చదరాలుగా కోసి భూమి ఇవ్వడంతో ఇంటికీ ఇంటికీ మధ్య అర మైలు ఖాళీ. పక్కింటికి వెళ్లి నిప్పో, మజ్జిగో అడిగే ఏర్పాటే లేదు. మగవాళ్లు ధాన్యం అమ్మడానికో, సరుకులకో పట్టణానికి వెళ్లొచ్చేవాళ్లు. ఆడవాళ్లకు ఆ సాకు కూడా అరుదే. శుక్రవారం బడి అయిపోగానే పన్నెండు మైళ్లు గుర్రపు స్లెడ్జి బండిలో మంచు మీద వచ్చి లారాను ఇంటికి తీసుకెళ్లింది ఆల్మాంజో. ప్రేమ అక్కడ మొదలైందంటారు. ఆ ఇంట్లో శని, ఆదివారాలు గడపకుండా తప్పించుకోవడమే మొదటి కారణమని లారా స్వయంగా ఒప్పుకుంది.

సంపాదించిన డబ్బు ఎక్కడికి పోయింది? ఎక్కువ భాగం మేరీ చదువుకు. డకోటాలో అంధుల బడి లేదు. టెరిటరీ ప్రభుత్వమే ఫీజు కట్టి పిల్లలను అయోవాలోని వింటన్ పట్టణంలో ఉన్న అంధుల కాలేజీకి పంపేది. మేరీ 1881లో చేరి 1889లో చదువు ముగించింది. ఫీజు సర్కారుదే అయినా బట్టలు, రైలు చార్జీలు, పైఖర్చులు ఇంటివే. మేరీ అక్కడ సంగీతంతో పాటు చేతిపనులూ నేర్చుకుంది. తిరిగొచ్చాక గుర్రాల మీద ఈగలు వాలకుండా కప్పే వలలు అల్లి అమ్మింది. మూడో అమ్మాయి కేరీ డి స్మెట్ పత్రికాఫీసులో అచ్చు అక్షరాలు పేర్చే పని నేర్చుకుంది. నాలుగో అమ్మాయి గ్రేస్ బడి టీచరైంది. తల్లి కరొలిన్ కూడా పెళ్లికి ముందు విస్కాన్సిన్‌లో టీచరే. నలుగురు కూతుళ్లలో చేతికి పని లేకుండా పెరిగిన పిల్ల ఒక్కరూ లేరు. తండ్రి పొలం మాటకొస్తే, 1886లో దాని మీద పూర్తి హక్కు వచ్చింది, మరుసటి ఏడాదే కుటుంబం పట్టణంలో కట్టుకున్న ఇంటికి మారిపోయింది. కొన్నేళ్లకు పొలం అమ్మేశారు. భూమి కోసం వచ్చిన కుటుంబాన్ని చివరికి నిలబెట్టింది వడ్రంగం, కుట్టు పని, బడి జీతాలు.

ఊళ్లో ఎప్పుడూ పనే అనుకోనక్కర్లేదు. శుక్రవారం రాత్రిళ్లు బడి గదిలో సాహిత్య సభ పేరుతో జనం చేరేవాళ్లు. స్పెల్లింగ్ పోటీలు, వాదప్రతివాదాలు, పాటలు, వేషాలు జరిగేవి. చర్చి ఆడవాళ్లు విందులు పెట్టి నిధులు పోగుచేసేవాళ్లు. పేరు అచ్చేసిన రంగురంగుల కార్డులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం అమ్మాయిల్లో పిచ్చి ఫ్యాషనైంది. మైదానం మధ్యలో గాలికి ఎగిరే పెద్ద పెద్ద ఉక్కు వలయాల లంగాలు, ఊపిరాడనివ్వని కార్సెట్లు కూడా వచ్చాయి. నడుము పద్దెనిమిది అంగుళాలకు బిగించాలని తల్లులు చెప్పే ఊళ్లోనే, ఆ పిల్లే పొద్దున తండ్రితో కలిసి గడ్డి వాములు తొక్కేది. ఈ రెండూ ఒకే శరీరం మీద ఎలా సాగాయో నవ్వు తెప్పించే ప్రశ్న.

ఇక అసలు కీలకం చట్టంలో ఉంది.

1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండిన వ్యక్తి గానీ, కుటుంబ పెద్ద గానీ 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు చేసుకోవచ్చు. కొద్దిపాటి రుసుము కట్టాలి, ఐదేళ్లు అక్కడ నివసించాలి, సాగు చేయాలి, అప్పుడు పట్టా ఇస్తారు. మగవాడే అయి ఉండాలని ఆ చట్టంలో లేదు. పెళ్లికాని స్త్రీ, వితంతువు, భర్త వదిలేసిన స్త్రీ కూడా అర్హులే. కాపురం చేస్తున్న భార్యకు మాత్రం ఆ హక్కు లేదు, కుటుంబ పెద్ద భర్తే కాబట్టి. ఉత్తర డకోటా కౌంటీల రికార్డులను చరిత్రకారులు వెతికితే భూమి దరఖాస్తుదారుల్లో ఆడవాళ్లు పదింట ఒక వంతుకు అటూ ఇటూగా కనిపించారు. కొన్నిచోట్ల అంతకన్నా చాలా తక్కువ, కొన్నిచోట్ల ఐదింట ఒకరు.

డి స్మెట్‌లోనే దీనికి మంచి ఉదాహరణ ఆల్మాంజో అక్క ఎలైజా జేన్ వైల్డర్. 1850లో పుట్టింది. 1879లో తమ్ముళ్లు క్లెయిమ్ వేసినప్పుడే తన పేరు మీద తానూ వేసింది. కొన్నాళ్లు డి స్మెట్ బడిలో పాఠాలు చెప్పింది, లారా ఆమె విద్యార్థుల్లో ఒకరు. ఇద్దరికీ అసలు పడలేదు. లారా రాతల వల్ల ఎలైజా జేన్ పాఠకులకు గయ్యాళి టీచరుగానే మిగిలిపోయింది. కానీ భూమి పట్టా కోసం ఆమె ప్రభుత్వానికి పెట్టుకున్న ఫైలు అమెరికా జాతీయ భాండాగారంలో ఉంది. అందులో తన కష్టాలు, జబ్బులు, పంట నష్టాలు, ఊరు వదిలి ఎప్పుడెందుకు వెళ్లాల్సి వచ్చిందో వివరంగా రాసుకుంది. ఆ ఫైలును బట్టి చూస్తే ఆమె మొండిమనిషే. తమ్ముళ్ల నీడలో బతకకుండా మైదానంలో ఒంటరి గుడిసె వేసుకున్న మనిషికి మొండితనం లేకపోతే కుదరదు మరి.

లారాకు ఆ దారి ఎందుకు తెరుచుకోలేదో వయసును చూస్తే తెలుస్తుంది. భూమి హక్కు 21 నుంచి మొదలవుతుంది. ఆమె పెళ్లి 1885 ఆగస్టు 25న జరిగింది, అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆల్మాంజోకు ఇరవై ఎనిమిది. చట్టం ఆడదానికి ఇచ్చిన హక్కు 21లో పుట్టి పెళ్లితో ముగుస్తుంది. 18లో పెళ్లైన పిల్లకు అది పుట్టకముందే పోయింది. బడి ఉద్యోగం సంగతీ అంతే, పెళ్లైన ఆడవాళ్లను టీచర్లుగా పెట్టుకునే ఆనవాయితీ లేదు. అంటే 16 నుంచి 18 వరకు జీతం ఉంది, భూమి లేదు. 18 తర్వాత రెండూ లేవు. ఆమె చెల్లెలు కేరీ చాలాకాలం పెళ్లి చేసుకోలేదు. 1907లో, దాదాపు 37 ఏళ్ల వయసులో, దక్షిణ డకోటా పశ్చిమాన ఫిలిప్ అనే ఊరి దగ్గర సొంత క్లెయిమ్ వేసుకుని తారు కాగితం చుట్టిన గుడిసెలో ఉంది. పెళ్లి ఆ తర్వాత, 1912లో. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల మధ్య తేడా ధైర్యంలో లేదు, పెళ్లి తేదీలో ఉంది.

సరిహద్దుకు అవతల కెనడా ప్రెయిరీలో ఇదీ లేదు. అక్కడ 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టాన్ని కొన్నేళ్లకే సవరించి పెళ్లికాని ఆడవాళ్లను హోమ్‌స్టెడ్ నుంచి తప్పించారు. పిల్లలున్న వితంతువుల్లాంటి కొద్దిమందికే అవకాశం. జార్జీనా బిన్నీ-క్లార్క్ అనే ఇంగ్లండ్ మహిళ 1905లో సస్కాచవాన్‌లో భూమి డబ్బు పెట్టి కొనుక్కుని గోధుమ పండించింది. అవతల తనలాంటి మగవాడికి అదే భూమి దాదాపు ఉచితంగా వస్తోందని లెక్క చెప్పి, ఆడవాళ్లకూ ఇవ్వాలని ఉద్యమం నడిపింది. ఒట్టావాలోని కెనడా ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ నిషేధం 1930 దాకా సాగింది, అప్పటికి పంచడానికి మంచి నేల పెద్దగా మిగల్లేదు.

భూమి పంచారు అంటే ఎవరిది పంచారు అనే ప్రశ్న మిగిలే ఉంది. డకోటా అనేది అక్కడి ఆదివాసుల పేరు. 1851 నుంచి వరస ఒప్పందాలతో వాళ్ల నేలను అమెరికా ప్రభుత్వం లాక్కుంటూ వచ్చింది. 1862లో మిన్నెసోటాలో తిరగబడినందుకు 38 మంది డకోటా మగవాళ్లను ఒకే రోజు, ఒకే వేదిక మీద ఉరితీశారు. 1870లో సుమారు 14 వేలున్న టెరిటరీ జనాభా లెక్క 1880 నాటికి లక్షా 35 వేలైంది. ఇంగల్స్ కుటుంబం ఆ ప్రవాహంలో ఒక బిందువు. వాళ్లు వచ్చిన 1879లోనే పెన్సిల్వేనియాలో ఆదివాసీ పిల్లల కోసం కార్లైల్ ఇండియన్ బోర్డింగ్ స్కూల్ మొదలైంది. దాని మొదటి విద్యార్థుల్లో డకోటా రిజర్వేషన్ల (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతాల) నుంచి తీసుకెళ్లిన పిల్లలు ఉన్నారు. 1884లో, లారా గుడిసె బడిలో పాఠాలు చెబుతున్న కాలంలో, అదే టెరిటరీలోని యాంక్టన్ రిజర్వేషన్ నుంచి ఎనిమిదేళ్ల పాపను మిషనరీలు రైలెక్కించి ఇండియానా తీసుకెళ్లారు. అక్కడ ఆమె ఏడుస్తూ గింజుకుంటున్నా జుట్టు కత్తిరించారు. వాళ్ల సంప్రదాయంలో జుట్టు కత్తిరించడం అవమానానికో, చావుకో గుర్తు. ఆమే తర్వాత జిత్కాలా-షా పేరుతో రచయిత్రి, సంగీతకారిణి, ఆదివాసీ హక్కుల నాయకురాలు అయింది. బడి అనే అదే సంస్థ ఒక అమ్మాయికి జీతం ఇచ్చింది, ఇంకో అమ్మాయి దగ్గర భాష తీసేసుకుంది. మొదటిది చెప్పి రెండోది చెప్పకపోతే ప్రెయిరీ పట్టణపు ఆడపిల్ల కథలో సగమే చెప్పినట్టు.

1885 మరొకందుకూ గుర్తుండాల్సిన సంవత్సరం. ఆ ఏడు డకోటా టెరిటరీ శాసనసభ ఆడవాళ్లకు ఓటు హక్కు బిల్లును ఆమోదించింది. గవర్నర్ గిల్బర్ట్ పియర్స్ దాన్ని వీటో చేశాడు. రాష్ట్రమయ్యాక 1890లో దక్షిణ డకోటాలో జనం ఓటుకు పెట్టారు. ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు సుసాన్ బి. ఆంథొనీ డెబ్బై ఏళ్ల వయసులో వచ్చి ఊరూరా తిరిగి ప్రచారం చేసినా ఆ ప్రతిపాదన ఓడిపోయింది. ఓటు హక్కు చివరికి 1918లో గానీ రాలేదు. పెళ్లి ప్రమాణంలో భర్తకు ‘లోబడి ఉంటాను’ అనే మాట తాను అననని లారా ముందే చెప్పింది, పాస్టరు కూడా దాన్ని వదిలేశాడు. అలాగని ఆమె ఓటు ఉద్యమంలో లేదు, ఓటు అక్కర్లేదనే అంది. ఇంట్లో తలవంచనంటూ, బయట రాజకీయం నాకెందుకనే ఈ వైఖరి మనకు కొత్తేమీ కాదు.

పెళ్లి తర్వాత జరిగింది చూస్తే ముందరి జీతాల విలువ తెలుస్తుంది. వడగళ్లు, అనావృష్టి వరసగా పంటలు తీశాయి, అప్పు పెరిగింది. 1886 డిసెంబర్‌లో కూతురు రోజ్ పుట్టింది. 1888లో భార్యాభర్తలిద్దరికీ డిఫ్తీరియా సోకింది, త్వరగా లేచి పనిచేయబోయిన ఆల్మాంజోకు పక్షవాతం వచ్చి ఆ అవిటితనం జీవితాంతం కొంత మిగిలింది. 1889లో మగబిడ్డ పుట్టి పేరు పెట్టకముందే చనిపోయాడు. అదే వేసవిలో ఇల్లు కాలిపోయింది. దక్షిణ డకోటాలో అలాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1880లలో వచ్చినవాళ్లు 1890లలో బండ్లెక్కి వెనక్కి వెళ్లారు.

వైల్డర్ దంపతులు మిన్నెసోటా, ఫ్లోరిడా తిరిగి మళ్లీ డి స్మెట్ చేరారు. భర్త భారీ పనులు చేయలేడు. పెళ్లైన ఆడదానికి బడి ఉద్యోగం లేదు. లారా మళ్లీ సూది పట్టింది, పద్నాలుగేళ్లప్పుడు చేసిన ఆ ఇష్టంలేని పనే. ఈసారి దర్జీ దుకాణంలో రోజుకు ఒక డాలరు, వారానికి ఆరు రోజులు. పెళ్లి ఆమెకు మూసేసిన సంపాదన తలుపును కరువు బలవంతంగా తెరిచింది. అలా కూడబెట్టిన సొమ్ములోంచి వంద డాలర్ల నోటు ఒకటి చెక్క రాతపెట్టెలో దాచుకుని 1894 జూలైలో కుటుంబం గూడుబండిలో మిస్సోరీకి బయల్దేరింది. మాన్స్‌ఫీల్డ్ చేరాక కొన్ని రోజులు ఆ నోటు కనబడక గాభరాపడ్డారు. పెట్టె సందులోకి జారిపోయింది. దొరికాక దాన్నే బయానాగా పెట్టి నలభై ఎకరాల రాళ్ల నేల తీసుకున్నారు.

తర్వాత ఆ ఊళ్లోనే, 1917 నుంచి పదేళ్ల పాటు, రైతులకు కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ రుణాలు ఇప్పించే స్థానిక సంఘానికి లారా కార్యదర్శిగా, కోశాధికారిగా జీతానికి పనిచేసింది. అప్పులిచ్చే ముందు పొలాల కాగితాలు చూసి సంతకం పెట్టడం ఆమె బాధ్యతల్లో ఒకటి.